వణికే హ్యాండిల్

మీలో చాలామందికి సైకిలు తొక్కడం వచ్చే ఉంటుంది. ఎప్పుడైనా వంతెన దిగుడులో జోరుగా దిగుతున్నప్పుడు హ్యాండిల్ ఉన్నట్టుండి చేతుల్లో గజగజ వణకడం గమనించారా? ఆ క్షణంలో మీరేం చేశారో గుర్తు తెచ్చుకోండి. దాదాపు అందరం ఒకటే చేస్తాం. పళ్ళు బిగబట్టి హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాం. వణుకు ఎందుకు వచ్చిందని ఆ సమయంలో ఎవరూ ఆలోచించరు. అది ఆగితే చాలు.

నేను అలాగే చేశాను. అయితే చేతులతో కాదు, పానాలతో. ఆ సంగతే మీకు చెబుతాను.

మాది తాడిపత్రి. అనంతపురం జిల్లాలో పెన్నా నది ఒడ్డున ఉన్న ఊరు. ఇంటి నేలకు పరిచే నల్లబండలు మా ఊరి నుంచి చాలాచోట్లకు వెళతాయి. మీ ఇంట్లోనూ ఉన్నాయేమో చూడండి. నేను మోటారు సైకిళ్ళు బాగుచేస్తాను. మా చెల్లెలి కొడుకు బండలు నునుపు చేసే ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తాడు. మా చెల్లెలికి ఒక్కడే కొడుకు. వాడు జీతంలో మిగిల్చి, అప్పు కొంత చేసి, ఒక మట్టిదారి బండి కొన్నాడు. 200 సి.సి. ఇంజను, ఎత్తైన సీటు, గుబ్బలున్న టైర్లు, 21 అంగుళాల ముందు చక్రం. ముందు చక్రం అంత పెద్దది ఎందుకంటే, చిన్న చక్రం గుంటలో పడి కూరుకుపోయే చోట పెద్ద చక్రం దొర్లుకుంటూ దాటుతుంది. ఎద్దుబండి చక్రం పెద్దదిగా ఎందుకు ఉంటుందో ఆలోచిస్తే మీకే తెలుస్తుంది.

వాడికి ఈ పిచ్చి పట్టడానికి కారణం డకార్ ర్యాలీ. రోజుల తరబడి ఇసుక దిబ్బల్లో, రాళ్ళలో సాగే పందెం అది. 2015లో ఆ పందెం దక్షిణ అమెరికాలో జరిగినప్పుడు సి.ఎస్. సంతోష్ దాన్ని చివరిదాకా పూర్తిచేశాడు. ఆ పని చేసిన మొదటి భారతీయుడు ఆయనే. 2024లో సౌదీ అరేబియాలో జరిగిన పందెంలో కేరళకు చెందిన హరిత్ నోవా ర్యాలీ-2 అనే తరగతిలో మొదటివాడుగా, మొత్తం మీద 11వ వాడుగా నిలిచాడు. మా వాడు ఆ వీడియోలన్నీ చూశాడు. వాడికి ఎడారి లేదు. పెన్న ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు మా దగ్గర పెన్నలో నీళ్ళకంటే ఇసుకే కనబడుతుంది. ఆదివారం వచ్చిందంటే బండితో ఏట్లోకి దిగేవాడు. మిగతా రోజుల్లో బండల గనులకు పోయే రాళ్ళదారులు.

మా చెల్లెలు మొదట ఏడ్చింది, తరువాత తిట్టింది. చివరకు నా దగ్గరకు వచ్చి, "వాడు మానడులే అన్నా. బండిని మాత్రం నువ్వు ఒక కంట చూస్తా ఉండు" అని చెప్పి వెళ్ళింది. ఆ మాట నేను మరిచిపోలేదు. అయినా జరగవలసింది జరిగింది.

కొన్న ఏడాదికి బండి వణకడం మొదలుపెట్టింది. తారురోడ్డు మీద వేగం తగ్గించేటప్పుడు కొద్దిగా. గులకరాళ్ళ మీద ఎక్కువగా. ఒకసారి ఇసుకలో హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుని వాణ్ణి దాదాపు కింద పడేసింది. అలా కొట్టుకునే హ్యాండిల్ పెట్రోలు ట్యాంకును రెండు వైపులా చెంపదెబ్బలు కొడుతున్నట్టు ఉంటుంది. బళ్ళు నడిపేవాళ్ళు ఇంగ్లీషులో దానికి అలాంటి పేరే పెట్టారు.

అప్పుడు వాడు బెంగుళూరు వెళ్ళి ఒక గుడ్డసంచితో తిరిగివచ్చాడు. సంచిలో ఒకరు వాడి అమ్మేసిన స్టీరింగ్ డ్యాంపర్ ఉంది.

"దీన్ని బిగించియ్యల్ల మామా. ఇది పెడితే హ్యాండిల్ వణకదంట."

దాన్ని చేత్తో పట్టుకోవడం నాకు అదే మొదటిసారి. ఆ మాట వాడితో చెప్పలేదు. "పెట్టిపో, రేపు సాయంత్రం రా" అన్నాను. ముప్పై ఏళ్ళుగా పానా పట్టినవాడికి 'తెలియదు' అనే మాట అంత సులువుగా నోట రాదు.

డ్యాంపర్ ఏం చేస్తుందో తెలియాలంటే ముందు హ్యాండిల్ ఎందుకు వణుకుతుందో తెలియాలి. దీనికి మీరు ఒక చిన్న పని చేసి చూడండి. ఒక సైకిలును హ్యాండిల్ ముట్టకుండా, సీటు మాత్రమే పట్టుకుని నిలబెట్టండి. దాన్ని కొంచెం ఎడమకు వంచండి. ముందు చక్రం తనంతట తాను ఎడమకు తిరుగుతుంది. కుడికి వంచితే కుడికి. ఇప్పుడు సీటు పట్టుకునే ముందుకు నెట్టండి. హ్యాండిల్ సర్దుకుంటూ తిన్నగా పోతుంది. ఎవరూ తిప్పడం లేదు కదా, మరి ఎలా? హ్యాండిల్ తిరిగే ఇరుసు నిలువుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. ఆ ఇరుసును గీత గీసినట్టు కిందికి పొడిగిస్తే అది నేలను ఒకచోట తాకుతుంది. టైరు నేలను తాకే చోటు దానికి కాస్త వెనకాల ఉంటుంది. మట్టిదారి బళ్ళలో ఈ దూరం నాలుగు అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది. ముందు మనిషి తాడు పట్టుకుని నడిస్తే లేగదూడ వెనకాలే వచ్చినట్టు, టైరు ఆ ఇరుసు వెనకాలే వస్తుంది. పక్కకు పోయినా మళ్ళీ దారిలోకి వస్తుంది.

వణుకు వచ్చేదీ ఈ సుగుణం నుంచే. ఒక రాయి తగిలి చక్రం ఎడమకు పోయిందనుకోండి. అది మధ్యకు తిరిగి వస్తుంది. కాని ఉయ్యాల మధ్యలో ఆగుతుందా? ఆగదు. ఆ ఊపులో కుడికి పోతుంది. మళ్ళీ వెనక్కి వస్తుంది. బండి బాగుంటే రెండు మూడు ఊపుల్లో అణిగిపోతుంది. ఎక్కడైనా వదులుంటే, లేదా ఊపు ఊపుకూ ఒక కొత్త రాయి తగులుతూ ఉంటే, అణగవలసినది పెరుగుతుంది. క్షణానికి ఎన్నోసార్లు అటూ ఇటూ కొట్టుకుంటుంది. అప్పుడు గట్టిగా పట్టుకుంటే మన శరీరం కూడా ఆ ఊపులో కలుస్తుంది. పట్టు కొంచెం సడలించి, ముందు బ్రేకు బిగబట్టకుండా, ఇసుకలో అయితే బరువు వెనక్కి వేసి ఉండాలని తెలిసినవాళ్ళు చెబుతారు. చెప్పడం తేలిక. చేతులు వినవు.

ఇక డ్యాంపర్. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో కొన్ని తలుపులు మనం వదిలేసినా దభాలున పడకుండా మెల్లగా మూసుకుంటాయి. తలుపు పైన ఒక చిన్న డబ్బా, మడిచిన చెయ్యి లాంటి ఇనుప పట్టీ ఉంటాయి. ఆ డబ్బాలో నూనె ఉంటుంది. తలుపు కదిలితే నూనె ఒక సన్నని రంధ్రం గుండా పోవాలి. మెల్లగా కదిలితే సులువుగా పోతుంది. జోరుగా కదిలితే పోలేక అడ్డుకుంటుంది. స్టీరింగ్ డ్యాంపర్ లోపలి పని అదే. మీరు కావాలని హ్యాండిల్ తిప్పితే అది మెల్లని కదలిక కాబట్టి నూనె దారి ఇస్తుంది. రాయి తగిలి విసిరికొడితే అడ్డుపడుతుంది. వెనకటి ఇంగ్లీషు మోటారు సైకిళ్ళలో చాలావాటికి హ్యాండిల్ మధ్యలో ఒక పెద్ద మర ఉండేది. దాన్ని తిప్పితే కింద ఉన్న బిళ్ళలు ఒకదాన్నొకటి ఒరుసుకుని హ్యాండిల్ బిగుతుగా తిరిగేది. దానికి మెల్లన, జోరు అనే తేడా తెలియదు. అన్నిటినీ ఒకేలాగా పట్టేది. నూనె డ్యాంపర్ గొప్పతనం ఆ తేడా తెలియడంలో ఉంది.

ఇందులో రెండు రకాలు. ఒకటి చిన్న షాకబ్జార్బర్‌లా పొడుగ్గా ఉంటుంది. అది రోడ్డు పందెపు బళ్ళ మీద కనబడుతుంది. కొన్ని పెద్ద బళ్ళకు కంపెనీలోనే బిగించి ఇస్తారు. రెండోది గుండ్రని డబ్బీ. లోపల ఒక రెక్క నూనెలో తిరుగుతుంది. మా వాడు తెచ్చింది ఇదే. డబ్బీ హ్యాండిల్ మీద కూర్చుంటుంది, హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. డబ్బీలోంచి వచ్చే చిన్న చెయ్యి ఒక మేకును పట్టుకుని ఉంటుంది. ఆ మేకు ఫ్రేముకు గట్టిగా బిగించి ఉండాలి. ఒకటి కదలాలి, ఒకటి కదలకూడదు. ఆ రెంటి మధ్యే డ్యాంపర్ పని.

తీరా చూస్తే మేకు మా బండిది కాదు. అది వేరే బండికి తయారైనది. మా ఫ్రేములో దాన్ని బిగించే చోటే లేదు. సరే, వెల్డింగ్ చేద్దామనుకున్నాను. ఫ్రేముకు ముందు భాగంలో, హ్యాండిల్ ఇరుసు తిరిగే లావు గొట్టం ఉంటుంది. మా షాపులో దాన్ని బండి మెడ అంటాం. మేకును మెడ వెనకాల అతికిస్తే పని అరగంట.

బండిని వెల్డింగ్ కోసం లేతు మిషను నడిపే పెద్దాయన దగ్గరకు తోసుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పైకి జరిపి చూశాడు.

"ఏం అబ్బయ్యా, మెడకే నిప్పు పెడతావా?"

"చిన్న మేకే కదా చాచా" అన్నాను.

"మేకు చిన్నదే. మెడ చిన్నదా? గుంటలో పడిన ప్రతిసారీ దెబ్బ తగిలేది ఎక్కడ? ఆడనే కదా! ఆడ ఇనుము కాలిస్తే గుణం మారుతుంది. లోపల కోను సెట్టు కప్పులు ఉండాయి, వాటి గ్రీజు కరిగి కారిపోతుంది. నేను చెయ్యను. ఇంకెవరైనా చేస్తామన్నా చేయించొద్దు."

ఆయన చదివింది మూడో తరగతి. నేను ఆయనతో వాదించలేదు. ఇద్దరం కూర్చుని ఇంకో దారి ఆలోచించాం. అల్యూమినియం దిమ్మెను లేతు మీద తొలిచి, మెడ చుట్టూ పట్టుకునే కడియం చేశాం. రెండు సగాలు, నాలుగు బోల్టులు. ఆ కడియం మీద మేకు. అరగంట అనుకున్న పని రెండు రోజులు పట్టింది. ఫ్రేము మీద ఒక్క నిప్పురవ్వ పడలేదు.

బిగించేటప్పుడు నేర్చుకున్నవి మరికొన్ని ఉన్నాయి. డబ్బీ మధ్యబిందువు సరిగ్గా హ్యాండిల్ ఇరుసు మీదికే రావాలి. మొదటిసారి నాది కాస్త వెనక్కి వచ్చింది. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పితే చెయ్యి మేకు నుంచి జారిపోబోయింది. కుడికి తిప్పితే బిగుసుకుంది. ఫ్రేముకు హ్యాండిల్ ఆగే చోట కట్టలు ఉంటాయి. హ్యాండిల్ ఆ కట్టలకు తగిలి ఆగాలే తప్ప డ్యాంపర్‌కు తగిలి ఆగకూడదు. అలా ఆగితే మొదటి పెద్ద దెబ్బకే డ్యాంపరైనా విరుగుతుంది, మేకైనా వంగుతుంది. బండి పోతూ ఉండగా మేకు వంగి హ్యాండిల్ ఇరుక్కుపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొకటి. డబ్బీ కోసం హ్యాండిల్ అంగుళం దాకా పైకి లేచింది. అంగుళమే కదా అనుకున్నాను. ఇంజను స్టార్టు చేసి, గేరు వెయ్యకుండా, హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పాను. ఇంజను దానంతట అదే రొద పెంచింది! యాక్సిలరేటరు తీగె చాలక లాగుకుంటోంది. ఇరుకు సందులో బండి తిప్పుతున్నప్పుడు ఇలా జరిగితే బండి ముందుకు దూకుతుంది. తీగెను ట్యాంకు కింద నుంచి వేరే దారిలో తెచ్చాక సరిపోయింది. మీరు ఏ బండికి హ్యాండిల్ మార్పించినా ఈ పరీక్ష చేయకుండా షాపు నుంచి కదలకండి.

డబ్బీ మీద ఒక మర ఉంది. తిప్పితే టక్కు టక్కుమంటుంది. ఒక్కో టక్కుకూ నూనె దారి కొంచెం మూసుకుంటుంది. నేను దాన్ని గట్టిగానే బిగించాను. చెల్లెలి మాట నా మనసులో ఉంది. గట్టిగా ఉంటే అంత భద్రం అనుకున్నాను.

తారురోడ్డు మీద నేనే నడిపి చూశాను. వణుకు మాయమైంది. గులకరాళ్ళ మీద కూడా లేదు. మా వాడి సంతోషం చెప్పలేను. నాకూ లోలోపల గర్వంగానే ఉంది. ఆ సాయంత్రం లేతు పెద్దాయనకు, వాడికి, నాకు టీ, మిరపకాయ బజ్జీలు.

మూడు వారాలు గడిచాయి. వాడు ఒకసారి వచ్చి, "మామా, మెల్లగా పోయేటప్పుడు బండి తాగినోని మాదిరి పోతాంది" అన్నాడు. తిన్నగా పోవడం లేదట, ఇటు కొంచెం అటు కొంచెం తూలుతోందట. "కొత్త కదా, అలవాటు పడాల" అన్నాను. బండిని స్టాండు మీద నుంచి దించి కూడా చూడలేదు. ఆ రోజు షాపులో రద్దీగా ఉంది. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

ఆ ఆదివారం వాడు పెన్నలో పడ్డాడు. వేగంగా పోతూ కాదు. ఇసుకలో మెల్లగా మలుపు తిరుగుతూ. హ్యాండిల్ మధ్యలో పట్టేసినట్టయింది, తిప్పబోతే ఆలస్యంగా తిరిగింది, అంతలో బండి ఒరిగింది. కింద ఇసుకే అయినా భుజం ఒక బండరాయికి తగిలింది. మెడకూ భుజానికీ మధ్య ఉండే ఎముక విరిగింది. ఆరు వారాలు చెయ్యి పట్టీలో వేలాడింది. ఫ్యాక్టరీలో పని లేదు, జీతం లేదు. బండి మీద అప్పు మాత్రం ఆగలేదు.

ఆసుపత్రిలో వాడు అన్న మాట ఏమిటంటే, "నాదే తప్పులే మామా. ఇసుకలో బ్రేకు పట్టింటా."

ఆ రాత్రి బండిని షాపులోకి తెచ్చి తలుపు వేసుకున్నాను. ఇంజను కింద చెక్కపెట్టె పెట్టి ముందు చక్రాన్ని గాలిలోకి లేపాను. హ్యాండిల్ తిప్పి చూశాను. డ్యాంపర్ నూనె బరువు తప్ప ఏమీ తెలియలేదు. అప్పుడు డ్యాంపర్ చెయ్యిని మేకు నుంచి విడదీసి మళ్ళీ తిప్పాను, రెండు వేళ్ళతో, మెల్లగా. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి హ్యాండిల్ ఒక గుంటలో పడ్డట్టు 'టక్'మని కూర్చుంది. అక్కడి నుంచి కదపాలంటే కొంచెం బలం పెట్టాలి. తరువాత ఫోర్కు కింది కొసలు పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపాను. వదులు. చేతికి తెలిసేంత వదులు.

విప్పి చూశాను. హ్యాండిల్ ఇరుసు పైనా కిందా గోళీలు తిరిగే కప్పులు ఉంటాయి. దాన్నే కోను సెట్టు అంటాం. కింది కప్పులో గ్రీజు ఎండి, పెన్న ఇసుకతో కలిసి, ఇటుకపొడి రంగులో ఉంది. తుడిచి దీపం కింద పెడితే గోళీలు కూర్చున్న చోటల్లా చిన్న చిన్న గుంటలు, ఉంగరం చుట్టూ రాళ్ళు పొదిగే గూళ్ళలాగా వరసగా ఉన్నాయి.

జరిగింది మీకు అర్థమయ్యే ఉంటుంది. మొదట్లో వచ్చిన వణుకులో ఎక్కువ భాగం ఈ వదులు వల్లే వచ్చింది. బండి మొదటిరోజు నుంచీ ఆ సంగతి చెబుతూనే ఉంది. నేను దాని నోరు నొక్కడానికి రెండు రోజులు కష్టపడి అల్యూమినియం కడియం చేశాను. వణుకు తెలియకుండా పోయింది, వదులు అలాగే ఉంది. మూడు వారాలు ప్రతి రాయీ ఆ గోళీలను ఆ కప్పులోకి సుత్తితో కొట్టినట్టు కొట్టింది. గుంటలు లోతయ్యాయి. వాటి పైన నా గట్టి డ్యాంపర్. మెల్లగా పోయే బండిని నిలబెట్టేది హ్యాండిల్‌లో మనం చేసే చిన్న చిన్న సవరింపులే కదా! నేను ఆ సవరింపులకే సంకెళ్ళు వేశాను.

ఇది తెలిసింది నా ఒక్కడికే. కప్పులు మార్చి, కొత్త గ్రీజు పెట్టి, పాతవి చెత్తలో వేస్తే ఎవరికీ తెలియదు. వాడు తనదే తప్పని అప్పటికే ఒప్పుకున్నాడు. ఆ రాత్రి ఆ ఆలోచన రాలేదని నేను అనను. వచ్చింది. పాత కప్పులను చాలాసేపు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

తెల్లవారి వాటిని కాగితంలో చుట్టి చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళాను. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. నేను మొదటిరోజే చక్రం లేపి చూసి ఉంటే ఇది బయటపడేదని, నువ్వు తూలుతోందని చెప్పినప్పుడైనా చూడవలసిందని చెప్పాను. వాడు ఏమీ మాట్లాడలేదు. కప్పు ఇమ్మని చెయ్యి చాపాడు. బాగున్న చేతి బొటనవేలి గోరుతో లోపల చుట్టూ గీశాడు. గుంట గుంటకూ గోరు తట్టుకుంటోంది. రెండుసార్లు అలా తిప్పి, "ఇంత చిన్నవా!" అన్నాడు.

మా చెల్లెలు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అంతా విన్నది. చేట ఆపలేదు. నాతో పది రోజులు మాట్లాడలేదు. ఆ ఆరు వారాలూ బండి కంతు నేను కట్టాను. అది ఆమెకు నచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తరువాత పని మొదటి నుంచి మొదలుపెట్టాను. కొత్త కోను సెట్టు వేశాను. కప్పులను ఒకవైపే కొట్టకుండా చుట్టూ సమంగా తట్టుతూ దించాలి. పై నట్టును ముందు కాస్త బిగించి, హ్యాండిల్‌ను అటూ ఇటూ పదిసార్లు తిప్పి గోళీలు కుదురుకున్నాక, తిరిగి కొంచెం వదలాలి. చక్రం గాలిలో ఉన్నప్పుడు హ్యాండిల్‌ను మధ్య నుంచి వేలితో తడితే అది తన బరువుతోనే చివరిదాకా వాలిపోవాలి. ఎక్కడా ఆగకూడదు, ఊపితే వదులూ ఉండకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్న సందు చాలా చిన్నది. నాకు నాలుగుసార్లు పట్టింది. చక్రం పుల్లల్లో మూడు వదులుగా ఉన్నాయి, బిగించి బెండు తీశాను. టైరులో గాలి సరిచేశాను. వెనక చక్రం ముందు చక్రానికి తిన్నగా ఉందో లేదో దారం పట్టి చూశాను.

డ్యాంపర్ చెయ్యిని తగిలించకుండానే రోడ్డు మీద నడిపాను. వణుకు లేదు! డ్యాంపర్ కొనడానికి ముందు ఈ పని చేసి ఉంటే వాడికి తారురోడ్డు మీద దాని అవసరమే కనబడేది కాదు.

అలాగని డ్యాంపర్ దండగ అని అనుకోకండి. ఏట్లోకి దిగి చూశాను. ఇసుకలో జోరు అందుకున్నాక, లేదా గనుల దారిలో ఒక రాయి చక్రాన్ని పక్కగా తన్నినప్పుడు, బాగున్న బండి హ్యాండిల్ కూడా విసురుతుంది. అది బండి జబ్బు కాదు, దారి దెబ్బ. అక్కడ డ్యాంపర్ తన పని తాను చేస్తుంది. చేతులు అలసిపోవడం బాగా తగ్గుతుంది. ఈసారి మరను పూర్తిగా వదులు చేసి, అక్కడి నుంచి ఒక్కొక్క టక్కు పెంచుతూ పోయాం. మెల్లని మలుపులో బరువుగా అనిపించిన చోట ఆగి, రెండు టక్కులు వెనక్కి వచ్చాం. చెయ్యి బాగయ్యాక చివరి లెక్కలు వాడే తేల్చుకున్నాడు. నేను సుద్దముక్కతో షాపు గోడ మీద రాశాను.

ఇప్పుడు వాడు ఆదివారం పొద్దున బండితో షాపుకు వస్తాడు. నన్ను పలకరించకముందే చెక్కపెట్టె తీసుకుని ఇంజను కింద పెడతాడు. డ్యాంపర్ చెయ్యి విప్పి, రెండు వేళ్ళతో హ్యాండిల్ తిప్పి చూస్తాడు. నేను కూడా నా పని ఆపి చూస్తాను. తరువాతే టీ.

కిందటి నెల మా చెల్లెలు కూరగాయల సంచితో షాపు ముందు ఆగింది. గోడ మీద సుద్దతో రాసినవి చదివింది. ఇసుక 8, రాళ్ళు 5, ఊళ్ళో 1.

"ఎవరి బాకీలన్నా ఇవి?" అని అడిగింది.

"నీ కొడుకువే" అన్నాను. వాడు నవ్వుతూ బండి పక్కన కూర్చుని, వాళ్ళమ్మకు ఆ మర ఎలా తిప్పాలో చూపించాడు. ఆమె ఒక టక్కు తిప్పి, వెంటనే వెనక్కి తిప్పేసి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది.